ఐరిష్ వేణువు

ఐరిష్ వేణువు ఐర్లండు దేశపు సాంప్రదాయిక సంగీతములో వాడబడే చెక్క వేణువు. దీనిని మన పిల్లనగ్రోవి వలెనే అడ్డముగా పట్టుకొని వాయిస్తారు. ఫిడేలు, ఇలియన్ పైపులు (మోచేతితో తిత్తిని నొక్కుతూ వాయించే వాద్యము), టిన్ విజిల్, కన్సర్టీనా, అకార్డియన్లతో పాటు ఐరిష్ జానపద సంగీతములోని ముఖ్య వాద్యములలో ఇది ఒకటి. ఈ వాద్యము ఐర్లండులో పుట్టినది కాదు. ఐరోపా వాద్యబృందములు పాతబడినదని విడిచిపెట్టిన వేణువును ఐర్లండు పల్లెవాసులు చేతికి తీసుకొని, తమ నృత్యములకు, తమ గురుముఖ విద్యకు అనుగుణముగా మలచుకున్నారు. ఆ విధముగా ఒక పాత వాద్యము ఒక జాతి సంగీతమునకు గుర్తుగా నిలిచినది.

పేరు

తెలుగులో వేణువు అను మాటకు వెదురు అని కూడా అర్థము కలదు. ఐరిష్ వేణువు వెదురుతో చేసినది కాదు కనుక ఆ మాట దీనికి పూర్తిగా సరిపోదు. అయినను అడ్డముగా పట్టి ఊదే వాద్యములన్నిటికీ తెలుగులో వేణువు, మురళి, పిల్లనగ్రోవి, ఫ్లూటు అను పేర్లే వాడుకలో ఉన్నవి. ఐర్లండులో దీనిని సాధారణముగా "ఫ్లూట్" అని, లోహపు ఫ్లూటునుండి వేరుపరచుటకు "చెక్క ఫ్లూట్" అని అంటారు. "ఐరిష్ ఫ్లూట్" అను పేరు అంతర్జాతీయముగా ప్రచారములో ఉన్నది.

నిర్మాణము

ఈ వేణువును ఆఫ్రికా నల్లచెక్క, కోకస్, బాక్స్‌వుడ్ వంటి గట్టి కలపతో తయారు చేస్తారు. వాద్యము మూడు లేక నాలుగు ముక్కలుగా ఉండి, వాయించునప్పుడు ఒకదానిలో ఒకటి అమర్చబడుతుంది. తలభాగములో గొట్టపు లోపలి రంధ్రము అంతటా ఒకే వ్యాసముతో ఉండును. అక్కడినుండి చివరి వరకు క్రమముగా సన్నబడుతుంది. ఈ శంఖ్వాకారపు లోపలి రంధ్రమే దీని నాదమునకు ముఖ్య కారణము. మన వెదురు వేణువులో రంధ్రము మొదటినుండి చివరి వరకు దాదాపు ఒకే వ్యాసముతో ఉండును.

వ్రేళ్ళతో మూయుటకు ఆరు రంధ్రములు ఉంటాయి. కొన్ని వేణువులకు మీటలు ఉండవు. మరికొన్నింటికి ఒకటి మొదలు ఎనిమిది వరకు లోహపు మీటలు ఉంటాయి. సాధారణముగా ఇది "డి" శ్రుతికి తయారగును. మన సంగీత విద్వాంసుల లెక్కలో ఇది రెండు శ్రుతి. అన్ని రంధ్రములు మూసినపుడు ఆ శ్రుతియే పలుకుతుంది. ఐరిష్ బాణీలలో అధిక భాగము డి, జి మేజర్ స్కేళ్ళలోను, వాటికి సంబంధించిన రీతులలోను ఉండుటచే మీటలు లేని వేణువుతోనే చాలా భాగము వాయించవచ్చును. మీట లేనిచోట మన వేణు విద్వాంసుల వలెనే రంధ్రమును సగము మూసి మధ్యస్వరములను పలికిస్తారు.

కర్ణాటక సంగీతపు వేణువునకు ఊదు రంధ్రము కాక ఎనిమిది రంధ్రములుండుట వాడుక. మీటలు ఉండవు. స్వరముల మధ్య జారుటకు, గమకములు పలికించుటకు వ్రేలు నేరుగా రంధ్రముపై ఉండుటయే అనుకూలము. ఐరిష్ వాదకులు చెక్క వేణువును విడువకపోవుటకు కూడ ఇదే ఒక ముఖ్య కారణము.

చరిత్ర

తొలి దశ

18వ శతాబ్దములో ఐర్లండులో వేణువు ప్రధానముగా చదువుకున్నవారి, సంపన్నుల వాద్యముగా ఉండేది. ఐర్లండులో జన్మించిన ఆంగ్ల రచయిత ఆలివర్ గోల్డ్‌స్మిత్ 1755 ప్రాంతమున ఫ్రాన్సు, స్విట్జర్లాండు, ఇటలీ దేశములలో కాలినడకన తిరిగినపుడు, పల్లెలలో వేణువు వాయించి భోజనమును, బసను సంపాదించుకొనెనని అతని జీవితచరిత్రకారులు వ్రాశారు.

19వ శతాబ్దపు మొదటి భాగములో లండనులో పెద్ద రంధ్రములు గల చెక్క వేణువులు ప్రచారములోనికి వచ్చాయి. ఛార్లెస్ నికల్సన్ (1795–1837) అను ఆంగ్ల విద్వాంసుడు వీటిపై బలమైన, నిండైన నాదమును పలికించి ప్రసిద్ధి పొందాడు. రుడాల్ అండ్ రోజ్ అను లండను సంస్థ తయారుచేసిన వేణువులు నేటికీ ఐరిష్ వాదకులలో ఎంతో విలువైనవిగా పరిగణింపబడుతున్నాయి.

బోమ్ సంస్కరణ, పాత వేణువుల పునర్వినియోగము

జర్మనీకి చెందిన థియోబాల్డ్ బోమ్ 1832లోను, తరువాత 1847లోను వేణువు నిర్మాణమును పూర్తిగా మార్చాడు. 1847 నాటి అతని నమూనాలో గొట్టము స్థూపాకారములో ఉండి, రంధ్రములన్నిటికీ మీటల అమరిక ఉన్నది. నేటి లోహపు ఫ్లూటు దీనినుండి వచ్చినదే. వాద్యబృందములలోని కళాకారులు క్రమముగా కొత్త ఫ్లూటుకు మారగా పాత చెక్క వేణువులు తక్కువ ధరకు సంతలలో, పాత సామానుల అంగళ్ళలో దొరకసాగాయి. అంతవరకు అంత ఖరీదైన వాద్యమును కొనలేని కౌలురైతులకు, కూలీలకు ఇది అందుబాటులోనికి వచ్చినది. స్లైగో, లైట్రిమ్, రాస్‌కామన్ కౌంటీలలో 19వ శతాబ్దపు చివరి భాగమున ఊరూరా వెలసిన పిల్లంగ్రోవి–డోలు బృందములు కూడ ఈ వాద్యపు వ్యాప్తికి తోడ్పడినవి. నేటికీ ఈ మూడు కౌంటీల ప్రాంతమునే ఐరిష్ వేణువునకు పుట్టినిల్లుగా భావిస్తారు.

కరవు, వలసలు

1845లో బంగాళాదుంప పంటకు తెగులు సోకుటతో ఐర్లండులో మహా కరవు ఏర్పడినది. 1852 వరకు సాగిన ఈ కరవులో సుమారు పది లక్షలమంది మరణించారు. అంతకు తక్కువ కాని సంఖ్యలో జనము దేశము విడిచి వెళ్ళారు. పాటలు, బాణీలు గ్రంథస్థము కాక మనుషుల జ్ఞాపకములలోనే ఉండుటచే, ఊళ్ళు ఖాళీ అయినప్పుడు వాటితో పాటు సంగీతము కూడ పోయినది. మిగిలిన దానిలో కొంత భాగము వలసదారులతో అమెరికా చేరినది.

ఫ్రాన్సిస్ ఓనీల్ సేకరణ

కార్క్ కౌంటీలో 1848లో జన్మించిన ఫ్రాన్సిస్ ఓనీల్ వేణు వాదకుడు. యువకుడుగా నావికవృత్తిలో ఉండగా ఇతని ఓడ పసిఫిక్ మహాసముద్రములో పగిలిపోయినది. రక్షించిన ఓడలో ఆహారము చాలక అందరూ బాధపడుతుండగా, వేణువు గల ఒక హవాయి నావికునితో సంగీతము ద్వారా స్నేహము కుదిరి, అతని ఆహారములో భాగము దొరికినదని ఓనీల్ తన గ్రంథములో వ్రాసుకున్నాడు. తరువాత అమెరికాలోని షికాగో నగరమున పోలీసు ఉద్యోగములో చేరి, 1901 నుండి 1905 వరకు ఆ నగర పోలీసు అధిపతిగా పనిచేశాడు.

షికాగోలో స్థిరపడిన ఐరిష్ వారినుండి ఓనీల్ వేలాది బాణీలను సేకరించాడు. అయితే విన్న బాణీని స్వరలిపిలో వ్రాయు నేర్పు అతనికి అంతగా లేదు. అతడు వేణువుపై వాయించగా, జేమ్స్ ఓనీల్ అను ఫిడేలు విద్వాంసుడు వాటిని వ్రాసేవాడు. ఆ విధముగా 1903లో 1,850 బాణీలతో "మ్యూజిక్ ఆఫ్ ఐర్లండ్", 1907లో 1,001 బాణీలతో "ది డాన్స్ మ్యూజిక్ ఆఫ్ ఐర్లండ్" వెలువడినవి. దేశములో మరుగున పడిన అనేక బాణీలు ఈ పుస్తకముల ద్వారా తిరిగి ఐర్లండు చేరాయి. ఓనీల్ 1936లో మరణించాడు.

గ్రామఫోను రికార్డులు

1920, 1930ల దశకములలో న్యూయార్కులోని రికార్డు కంపెనీలు వలసదారుల కొరకు ఐరిష్ సంగీతమును ముద్రించాయి. ఫిడేలు వాదకుడు మైకేల్ కోల్మన్, వేణు వాదకుడు జాన్ మెకెన్నా (1880–1947) ఈ రికార్డుల ద్వారా ప్రసిద్ధులయ్యారు. లైట్రిమ్ కౌంటీకి చెందిన మెకెన్నా న్యూయార్కు అగ్నిమాపక దళములో పనిచేశాడు. ఇతని రికార్డులు సముద్రము దాటి స్వగ్రామములకు చేరగా, అక్కడి యువకులు వాటిని పదేపదే విని ఇతని శైలిని అనుసరించారు. దీనివలన మేలుతో పాటు కీడు కూడ జరిగినదని చెబుతారు. రికార్డుకెక్కిన శైలులు ఆదర్శములు కాగా, రికార్డుకెక్కని అనేక ప్రాంతీయ శైలులు వెనుకబడినవి.

నృత్యశాలల చట్టము, పునరుజ్జీవనము

ఐరిష్ ప్రభుత్వము 1935లో బహిరంగ నృత్యశాలల చట్టమును తెచ్చినది. దీని ప్రకారము బహిరంగ నృత్యములకు న్యాయస్థానమునుండి అనుమతి పొందవలెను. ఇళ్ళలోను, నాలుగుదారుల కూడళ్ళలోను జరిగే నృత్యములపై మతగురువులు, పోలీసులు కూడ ఒత్తిడి తెచ్చారు. నృత్యము ఇళ్ళనుండి హాళ్ళకు మారుటతో పల్లె వాదకులకు వాయించు సందర్భములు తగ్గినవి.

1951లో "కోల్టస్ కియల్టోరీ ఎరన్" (ఐరిష్ సంగీత కళాకారుల సంఘము) ఏర్పడినది. ఈ సంఘము ఏటా నిర్వహించే "ఫ్లా కియోల్" అను సంగీతోత్సవము, అందులోని పోటీలు కొత్త తరమును ఆకర్షించినవి. 1962లో పాడీ మొలోనీ స్థాపించిన "ది ఛీఫ్‌టెన్స్", 1970ల దశకమునాటి "ప్లాంక్స్టీ", "ది బోథీ బ్యాండ్" వంటి బృందములు ఈ సంగీతమును ప్రపంచ వేదికలకు చేర్చినవి.

బాణీలు, లయలు, రీతులు

ఐరిష్ వాద్య సంగీతములో ఎక్కువ భాగము నృత్యము కొరకు ఏర్పడినదే. బాణీల పేర్లు వాటి లయనుబట్టి వచ్చినవి.

రీల్: నాలుగు మాత్రల లయ. అన్నిటికంటె ఎక్కువగా వాయించబడేది ఇదే.
జిగ్: మూడేసి చొప్పున రెండు గుంపులుగా ఆరు చిన్న మాత్రలు. త్రిశ్ర గతి తెలిసినవారికి దీని నడక సులభముగా బోధపడుతుంది.
స్లిప్ జిగ్: మూడేసి చొప్పున మూడు గుంపులుగా తొమ్మిది మాత్రలు.
హార్న్‌పైప్: నాలుగు మాత్రల లయయే కాని, రీల్ కంటె నిదానముగా, ఊగుతున్నట్లు సాగుతుంది.
పోల్కా, స్లైడ్: కార్క్, కెర్రీ కౌంటీలలో ప్రసిద్ధము.
స్లో ఎయిర్: తాళము లేకుండ విలంబముగా వాయించబడేది. వీటిలో చాలా భాగము ఐరిష్ భాషలోని పాటలనుండి వచ్చినవి. మన ఆలాపనతో దీనికి కొంత పోలిక ఉన్నా, ఇందులో బాణీ ముందే నిర్ణయమై ఉంటుంది.

సాధారణముగా ఒక బాణీలో రెండు భాగములుంటాయి. ఒక్కొక్క భాగమునకు ఎనిమిది ఆవర్తములు. ప్రతి భాగమును రెండుసార్లు వాయిస్తారు. రెండు మూడు బాణీలను ఆపకుండ ఒకదాని తరువాత ఒకటిగా వాయించుట వాడుక.

ఈ సంగీతము మన సంగీతము వలెనే ఏకస్వర ప్రధానమైనది. స్వరసమ్మేళనము దీనికి తరువాతి కాలములో చేరినది. ఇందులో వాడబడే నాలుగు రీతులకు మన మేళకర్తలలో సమానమైనవి ఉన్నాయి. అయోనియన్ ధీరశంకరాభరణమునకు, డోరియన్ ఖరహరప్రియకు, మిక్సోలిడియన్ హరికాంభోజికి, ఏయోలియన్ నటభైరవికి సరిపోవును. ఈ పోలిక స్వరస్థానములకు మాత్రమే పరిమితము. రాగమునకు ప్రాణమైన సంచారములు, గమకములు వేరు.

వాదన పద్ధతి

ఐరిష్ వేణు వాదనలో అలంకారములే శైలికి మూలము. వీటిలో చాలా భాగము ఇలియన్ పైపులనుండి వచ్చినవి.

కట్: పలుకుతున్న స్వరమునకు పైనున్న వ్రేలిని క్షణకాలము ఎత్తి దించుట.
టాప్: క్రిందనున్న తెరచిన రంధ్రముపై వ్రేలితో ఒకసారి కొట్టుట.
రోల్: ఒకే స్వరమును మూడుమార్లు వినిపిస్తూ, మొదటి రెంటి మధ్య కట్‌ను, చివరి రెంటి మధ్య టాప్‌ను వేయుట.
క్రాన్: అన్ని రంధ్రములు మూసి పలికించే స్వరమునకు క్రింద కొట్టుటకు రంధ్రము ఉండదు. కనుక అక్కడ రోల్‌కు బదులు వేర్వేరు వ్రేళ్ళతో వరుసగా కట్‌లు వేస్తారు.
స్లైడ్: రంధ్రముపైనుండి వ్రేలిని మెల్లగా జరుపుతూ స్వరములోనికి జారుట. మన జారు గమకమును ఇది గుర్తుకు తెస్తుంది. బాణీలలోని స్లైడ్ వేరు.

కట్, టాప్‌లు విడి స్వరములుగా వినబడకూడదు. అవి తాళపు దెబ్బ వలె వినబడవలెను. స్వరములను విడదీయుటకు పాశ్చాత్య శాస్త్రీయ వాదకులు నాలుకను వాడితే, ఐరిష్ వాదకులలో అనేకులు గొంతును లేక ఊపిరి వత్తిడిని వాడతారు.

ఊపిరి తీయుట మరియొక విశేషము. నృత్యబాణీలలో విరామము ఉండదు. కనుక వాదకుడు ఎక్కడో ఒకచోట ఒక స్వరమును వదిలి ఊపిరి తీసుకొనవలెను. ఏ స్వరమును వదలవలెనో ముందుగా నిర్ణయించబడదు. ప్రతి ఆవృత్తిలో వేర్వేరు చోట్ల ఊపిరి తీయుటచే బాణీకి కొత్త నడక వచ్చును. లైట్రిమ్, రాస్‌కామన్ ప్రాంతముల శైలిలో ఊపిరి దెబ్బలు స్పష్టముగా వినబడుతూ లయను నడిపిస్తాయి. తూర్పు గాల్వే శైలి నిదానముగా, ఒక స్వరమునుండి మరొక స్వరమునకు సాఫీగా సాగుతుంది. కర్ణాటక వేణువాదనలో గాత్రము ఆదర్శము కాగా, ఐరిష్ వేణువాదనలో నర్తకుని అడుగులు ఆదర్శము.

ప్రముఖ కళాకారులు

జాన్ మెకెన్నా: లైట్రిమ్ శైలికి ప్రతినిధి. ఇతని రికార్డులను విద్యార్థులు నేటికీ అభ్యసిస్తారు.
పాడీ కార్టీ: తూర్పు గాల్వే శైలికి ప్రసిద్ధుడు.
జోసీ మెక్‌డెర్మట్ (1925–1992): వేణువు, విజిల్, సాక్సోఫోన్ వాయించాడు. నడివయస్సులో చూపు కోల్పోయినను సంగీతమును విడువలేదు. బాణీలు కూడ రచించాడు.
మైకేల్ టబ్రిడీ: ఛీఫ్‌టెన్స్ బృందపు తొలి వేణు వాదకుడు. క్లేర్ కౌంటీవాడు.
షేమస్ టాన్సీ (1943–2022): స్లైగో కౌంటీకి చెందినవాడు. ఆవేశపూరితమైన వాదనకు పేరుపొందాడు.
మాట్ మొలాయ్: 1947లో రాస్‌కామన్ కౌంటీలోని బాలహాడరీన్‌లో జన్మించాడు. తండ్రి కూడ వేణు వాదకుడే. బోథీ బ్యాండ్, ప్లాంక్స్టీ బృందములలో వాయించి, 1979లో ఛీఫ్‌టెన్స్‌లో చేరాడు. పైపుల అలంకారములను వేణువుపైకి తెచ్చుటలో ఇతని ప్రభావము తరువాతి తరములపై అధికము.
కేథరీన్ మెకెవాయ్: ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్‌లో జన్మించి, తల్లిదండ్రుల రాస్‌కామన్ శైలిని నిలిపిన కళాకారిణి.
కెవిన్ క్రాఫర్డ్: లూనసా బృందపు వేణు వాదకుడు. ఇతడు కూడ బర్మింగ్‌హామ్‌లో జన్మించాడు.

బెల్ఫాస్ట్ నగరమున 1939లో జన్మించిన జేమ్స్ గాల్వే ప్రపంచ ప్రసిద్ధుడైన ఐరిష్ వేణు విద్వాంసుడే. కాని అతడు పాశ్చాత్య శాస్త్రీయ సంగీతమునకు చెందిన లోహపు ఫ్లూటు వాదకుడు. కనుక ఈ సంప్రదాయములో సాధారణముగా అతనిని చేర్చరు.

స్వరలిపి, గురుముఖ విద్య

ఓనీల్ పుస్తకముల వంటి సంకలనములలో బాణీ యొక్క స్వరములు మాత్రమే ఉంటాయి. ఎక్కడ రోల్ వేయవలెనో, ఎక్కడ ఊపిరి తీయవలెనో, రెండు సమాన స్వరములలో దేనిని కొంచెము పొడిగించవలెనో ఆ వ్రాత చెప్పదు. అందుచేత ఐరిష్ ఉపాధ్యాయులు నేటికీ బాణీని ముందు చెవితో నేర్చుకొమ్మని, పుస్తకమును జ్ఞాపకమునకు సహాయముగా మాత్రమే చూడుమని చెబుతారు. స్వరపరచిన కీర్తన పుస్తకము చేతిలో ఉన్నను గమకము కొరకు గురువు వద్దకు వెళ్ళవలసిన మన పద్ధతి ఇట్టిదే. పుస్తకము లేనిదే షికాగో సేకరణ నిలిచేది కాదు. వాయించేవారు లేనిదే ఆ పుస్తకము పలికేది కాదు.

తెలుగువారితో సంబంధములు

ఐరిష్ వేణువు తెలుగునాట ప్రచారములో ఉన్న వాద్యము కాదు. అయితే ఐరిష్ సాహిత్య, సంగీతములు కొన్ని సందర్భములలో తెలుగువారిని చేరాయి.

వేణువుతో ఐరోపా తిరిగిన గోల్డ్‌స్మిత్ వ్రాసిన "ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్" (1766) నవల ప్రేరణతోనే కందుకూరి వీరేశలింగం పంతులు "రాజశేఖర చరిత్రము"ను రచించాడు. ఆ ఆంగ్ల నవలలో కూడ ఒక పాత్ర సంగీతముతో పల్లెవాసులను మెప్పించి, వారి ఇళ్ళలో బస సంపాదిస్తూ దేశములు తిరుగుతుంది.

ముత్తుస్వామి దీక్షితార్ (మరణము 1835) చెన్నపట్టణము సమీపములోని మణలిలో ఉన్న కాలమున ఆంగ్లేయుల బ్యాండ్లు వాయించే బాణీలను విని, వాటికి సంస్కృత సాహిత్యము కూర్చాడు. ఇవే నొట్టుస్వర సాహిత్యములు. ఇవన్నియు శంకరాభరణ స్వరములలోనే ఉన్నవి. వీటిలో "వందే మీనాక్షి" అను రచనకు ఆధారము "లిమరిక్" అను ఐరిష్ బాణీయని, "జగదీశ గురుగుహ"కు ఆధారము ఒక స్కాటిష్ రీల్ అని పరిశోధకులు గుర్తించారు. వీటిని గ్రంథస్థము చేసినది ఎట్టయాపురమునకు చెందిన సుబ్బరామ దీక్షితులు. తెలుగు లిపిలో "సంగీత సంప్రదాయ ప్రదర్శిని" (1904)ని వెలువరించిన ఇతడు, 1905లో తెలుగులోనే "ప్రథమాభ్యాస పుస్తకము"ను ప్రకటించి, అందులో ముప్పదికి పైగా నొట్టుస్వరములను స్వరపరచి ఇచ్చాడు. గమకములు లేని సరళ స్వరములగుటచే ఇవి పిల్లల అభ్యాసమునకు అనువైనవిగా పేరుపొందినవి. బ్యాండు ద్వారా వచ్చుటచే ఆ బాణీల స్వరములు మాత్రమే ఇక్కడకు చేరినవి. ఐర్లండు పల్లెలలో ఇట్టి బాణీలకు ప్రాణమైన కట్‌లు, రోల్‌లు చేరలేదు.

దీక్షితార్ సోదరుడు బాలుస్వామి దీక్షితార్ ఆ కాలముననే వయొలిన్ నేర్చి కర్ణాటక సంగీతములో ప్రవేశపెట్టినవారిలో ఒకడు. ఐర్లండులో ఫిడేలుగా పిలువబడే ఈ వాద్యము నేడు రెండు సంప్రదాయములకూ ముఖ్యమైనది. విశాఖపట్నమునకు సమీపముననున్న విజయనగరములో 1919లో స్థాపించబడిన సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ ఆచార్యుడుగాను, తరువాత ప్రధానాచార్యుడుగాను పనిచేశాడు.

అదే 1919లో రాయలసీమలోని మదనపల్లెలో మరియొక సంఘటన జరిగినది. రవీంద్రనాథ్ టాగోర్ అక్కడి దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చి "జనగణమన" గీతమును పాడి వినిపించాడు. కళాశాల ప్రధానాచార్యుడు, ఐరిష్ కవి అయిన జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ ఆ గీతమునకు పాశ్చాత్య పద్ధతిలో స్వరలిపి కూర్చినది. ఆమె 1878లో రాస్‌కామన్ కౌంటీలోని బాయిల్ పట్టణమున జన్మించి, డబ్లిన్‌లో సంగీత పట్టము పొందినది. ఆమె చదివినది పాశ్చాత్య శాస్త్రీయ సంగీతమే కాని పల్లె వేణువు కాదు. అయినను వేణువునకు పేరుపొందిన కౌంటీలో పుట్టిన ఒక సంగీత విదుషి, చెవితో విన్న పాటను కాగితముపై నిలిపిన చోటు తెలుగునాట ఉన్నది. మార్గరెట్ కజిన్స్ 1954లో మరణించినది.

నేటి స్థితి

1970ల దశకమునుండి పాత రుడాల్ నమూనాలను అనుసరించి ఐర్లండు, అమెరికా, ఆస్ట్రేలియా తదితర దేశములలో కొత్త చెక్క వేణువులు తయారగుచున్నవి. పాత వేణువులపైనే ఆధారపడు అవసరము తీరినది. ఐర్లండులోని ఊళ్ళలో కళాకారులు సాయంకాలములందు ఒకచోట చేరి కలిసి వాయించే "సెషన్"లు సాగుతున్నాయి. వీటిలో వేదిక ఉండదు, ముందుగా నిర్ణయించిన క్రమము ఉండదు. బాణీ తెలిసినవారు కలుస్తారు, తెలియనివారు విని నేర్చుకుంటారు. యునెస్కో సంస్థ మానవజాతి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో ఇలియన్ పైపుల సంగీతమును 2017లోను, ఐరిష్ హార్ప్ వాదనను 2019లోను చేర్చినది.